నార్మల్ డెలివరీ గురించి చదవదగ్గ పుస్తకాలు, చూడదగ్గ డాక్యుమెంటరీలు ఉంటే చెప్పండి

మల్లెపందిరి:

అందరికీ నమస్తే. నాకిప్పుడు ఆరో నెల నడుస్తోంది, తొలి కాన్పు. ఉండేది కూకట్‌పల్లి వైపు, ఇద్దరం సాఫ్ట్‌వేరే. నార్మల్ అవ్వాలని నాకు గట్టిగా ఉంది కానీ మా ఆఫీసులో ఈమధ్య పిల్లలు పుట్టినవాళ్లందరికీ ఆపరేషనే, ఒకామెకి ఉమ్మనీరు తగ్గిందన్నారు, ఒకామెకి బిడ్డ మెడకి పేగు చుట్టుకుందన్నారు, ఇంకొకామెకి అయితే వాళ్ల అత్తగారు పంతులుగారితో ముహూర్తం పెట్టించి మరీ చేయించారు. నేను ఏ డాక్టర్‌నీ తిట్టడానికి రాలేదు, నాకు తెలుసుకోవాలని ఉంది అంతే. నొప్పులు ఎలా మొదలవుతాయి, ఎప్పుడు బయల్దేరాలి, ఏది నిజంగా అవసరం, ఏది వాళ్ల వీలు కోసం చేసేది. రీల్స్ చూస్తే పిచ్చెక్కుతోంది, ఒకరు నెయ్యి తాగితే బిడ్డ జారుతుందంటారు, ఒకరు గుంజీళ్లు తీయమంటారు, ఇంకొకరు నీళ్ల టబ్బులో నవ్వుతూ కనేస్తారు.

పుస్తకాలో డాక్యుమెంటరీలో అయితే కొంచెం కుదురుగా చెప్తాయి కదా అని అడుగుతున్నా. ఇంగ్లీష్ అయినా పర్లేదు, తెలుగులో ఉంటే ఇంకా మంచిది ఎందుకంటే సీమంతం అయ్యాక పురిటికి తెనాలి వెళ్లిపోతా, అక్కడ అంతా మా అమ్మ మాటే, అమ్మ కూడా చదవాలి. మా వారు సినిమా అయితే చూస్తారు గానీ పుస్తకం ముట్టుకోరు.

ఆస్టిన్_అక్క:

కంగ్రాట్స్ చెల్లీ! నాకు ఇక్కడ టెక్సస్‌లోనే రెండు కాన్పులు, మొదటిది ఎపిడ్యూరల్‌తో (నొప్పి తెలీకుండా వెన్నులో ఇచ్చే మందు), రెండోది అదే హాస్పిటల్లో మిడ్‌వైఫ్ చేతుల మీద నొప్పి మందు లేకుండా. రెండూ బానే జరిగాయి కాబట్టి నేను ఏ పార్టీ కాదు.

డాక్యుమెంటరీ అంటే ఇక్కడ అందరూ ముందు చెప్పేది ది బిజినెస్ ఆఫ్ బీయింగ్ బోర్న్. 2008లో రిలీజ్ అయింది, రికీ లేక్ అని టాక్ షో నడిపిన నటి దాని ప్రొడ్యూసర్, ఆబీ ఎప్‌స్టీన్ డైరెక్టర్. న్యూయార్క్‌లో ఇళ్లకెళ్లి కాన్పులు చేసే మిడ్‌వైఫ్ వెనకాల కెమెరా తిరుగుతుంది. ఆస్పత్రిలో ఒకదాని వెనక ఒకటి ఎలా వచ్చిపడతాయో బాగా చూపిస్తారు, నొప్పులు పెరగడానికి డ్రిప్ పెడతారు, నొప్పి తట్టుకోలేక ఎపిడ్యూరల్, దాంతో నొప్పులు మందగిస్తే మళ్లీ డ్రిప్ పెంచుతారు, ఇంతలో బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా వస్తే థియేటర్‌కి. నాకు దాంట్లో అన్నిటికంటే నచ్చింది మాత్రం వేరే. సినిమా తీస్తుండగానే డైరెక్టర్ ప్రెగ్నెంట్ అవుతుంది, ఆవిడ కూడా ఇంట్లోనే కందామనుకుంటుంది, తీరా చూస్తే నెలలు నిండకముందే నొప్పులొస్తాయి, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, ట్యాక్సీలో ఆస్పత్రికి పరిగెత్తి సిజేరియన్ చేయించుకుంటుంది. అది దాచకుండా సినిమాలోనే పెట్టేశారు, అక్కడ నాకు ఆ సినిమా మీద గౌరవం పెరిగింది.

పుస్తకం అయితే ఇనా మే గాస్కిన్ రాసిన ఇనా మేస్ గైడ్ టు చైల్డ్‌బర్త్, 2003ది. ఆవిడ టెన్నెసీలో ద ఫార్మ్ అనే ఊర్లో, 1971లో హిప్పీలు బస్సులేసుకొచ్చి కట్టుకున్న ఊరు అది, అక్కడ దశాబ్దాలుగా కాన్పులు చేసిన మిడ్‌వైఫ్. సగం పుస్తకం ఆడవాళ్లు సొంతంగా చెప్పుకున్న కాన్పు కథలే, అవి చదువుతుంటే భయం సగం తగ్గుతుంది. బిడ్డ తల వచ్చి భుజం ఇరుక్కుంటే తల్లిని చేతులూ మోకాళ్ల మీద వంచే పద్ధతి ఒకటి ఉంది, డాక్టర్ల పుస్తకాల్లో కూడా దాన్ని ఈవిడ పేరుతోనే గాస్కిన్ మాన్యూవర్ అంటారు, అసలు అది గ్వాటెమాలా మంత్రసానుల దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడ మీద బర్త్ స్టోరీ అని 2012లో డాక్యుమెంటరీ కూడా ఉంది, అందులో పాత వీడియోలు ఉన్నాయి కానీ అమ్మతో కూర్చుని చూసేవి కాదు, అన్నీ చూపించేస్తారు, ముందే చెప్తున్నా.

మీ వారికి పెనీ సిమ్‌కిన్ రాసిన ద బర్త్ పార్ట్‌నర్. అది మొగుళ్ల కోసమే రాసినట్టుంటుంది, నడుము ఎక్కడ నొక్కాలో కూడా బొమ్మలేసి ఉంటుంది, బొమ్మలైనా చూస్తారు కదా.

రాత్రి_డ్యూటీ:

నేను గైనిక్ పీజీ, డ్యూటీ మధ్యలో టైప్ చేస్తున్నా, సర్దుకోండి. పైన అక్క చెప్పిన సినిమా నేనూ చూశాను, బాగుంటుంది, మా డిపార్ట్‌మెంట్‌లో కొందరికి కూర్చోబెట్టి చూపించాలని కూడా అనిపించింది. అయితే అది చూసి ఇంట్లోనే కనేద్దాం అని మాత్రం ఎవరూ అనుకోకండి దయచేసి. అక్కడ ఇంటికొచ్చే మిడ్‌వైఫ్ ఏళ్లు చదివి లైసెన్స్ తీసుకున్న మనిషి, బ్యాగులో ఆక్సిజన్, రక్తం ఆపే ఇంజెక్షన్ అన్నీ తెచ్చుకుంటుంది. అంత పకడ్బందీ ఉన్న ఇంగ్లాండ్‌లో కూడా 2011లో పెద్ద స్టడీ ఒకటి వచ్చింది, ఏ రిస్కూ లేని 64 వేలకి పైగా ఆడవాళ్ల మీద. తొలి కాన్పు ఇంట్లో ప్లాన్ చేసుకున్న వాళ్లలో బిడ్డకి తీవ్రమైన ఇబ్బంది వెయ్యికి 9.3, ఆస్పత్రిలో 5.3. పైగా ఆ తొలిచూలు వాళ్లలో 45 శాతం మందిని మధ్యలో ఆస్పత్రికి తరలించాల్సి వచ్చింది. రెండో కాన్పు వాళ్లకి తేడా కనపడలేదు, అదీ చెప్పాలి కదా. ఇక మన పక్కనే తిరుప్పూర్‌లో 2018లో యూట్యూబ్ చూసి ఇంట్లో కాన్పు చేయబోతే రక్తం పోయి తల్లి చనిపోయింది, పేపర్లలో అంతా వచ్చింది. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడకపోతే రక్తం పోవడానికి గంటలు పట్టదు, నిమిషాలే. అందుకే బిడ్డ బయటికి రాగానే తొడకి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తాం, ఎంత నేచురల్ అనుకున్నా ఆ ఒక్క సూది వద్దనకండి.

మీ ఫ్రెండ్స్ కారణాల సంగతి. మెడకి పేగు చుట్టుకోవడం నలుగురిలో ఒకరికి దాకా ఉంటుంది, ఎక్కువమంది మామూలుగానే పుడతారు, స్కాన్‌లో అది కనపడినంత మాత్రాన కొయ్యక్కర్లేదు. స్కాన్‌లో ఉమ్మనీరు లెక్క 5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే తగ్గిందంటాం, 8, 9 ఉన్నా జనం వణికిపోయి వస్తారు. నిజంగా తగ్గినా చాలామందికి నొప్పులు రప్పించి చూడొచ్చు, అందరికీ నేరుగా ఆపరేషన్ కాదు. ముహూర్తం గురించి నేనేం మాట్లాడను, ఫలానా రోజు పొద్దున 5:40కి బిడ్డని బయటికి తీయాలి అని చీటీ పట్టుకొచ్చిన వాళ్లని చూశా.

అలాగని డ్రిప్ పెట్టగానే ఆపరేషన్‌కి దారి అని సినిమా చెప్పేదంతా నమ్మొద్దు. 2018లో అమెరికాలోనే ఏ సమస్యా లేని తొలిచూలు ఆడవాళ్లు 6 వేల మంది మీద ట్రయల్ చేస్తే, 39 వారాలకి నొప్పులు రప్పించిన వాళ్లలో సిజేరియన్లు 18.6 శాతం, ఆగి చూసిన వాళ్లలో 22.2 శాతం. అంటే రప్పించిన వాళ్లలోనే తక్కువ. మన దగ్గర లెక్క వేరు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేట్‌లో అయితే 81.5. ఆంధ్రాలో మొత్తం 42.4. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ఆడవాళ్ల కటి ఎముకలు మిగతా దేశంకంటే ఇరుగ్గా లేవు కదా, కాబట్టి మీ డెలివరీ ఎలా అవుతుందన్నది మీరు ఏ పుస్తకం చదివారన్న దానికంటే ఏ ఆస్పత్రి గడప తొక్కారన్న దాని మీదే ఎక్కువ ఉంటుంది.

ఒక డాక్యుమెంటరీ నా తరఫున, నో వుమన్ నో క్రై, 2010. క్రిస్టీ టర్లింగ్టన్ అనే మోడల్ తీసింది, ఆవిడకే కాన్పయ్యాక విపరీతంగా రక్తస్రావం అయి బతికి బయటపడింది, ఆ తర్వాత టాంజానియా, బంగ్లాదేశ్, గ్వాటెమాలా, అమెరికా తిరిగి తీసింది. టైముకి ఆస్పత్రి దొరక్కపోతే నేచురల్ అంటే ఏంటో అది చూస్తే తెలుస్తుంది. మొదటి సినిమా చూసిన వాళ్లు ఇది కూడా చూడాలి అని నా ఉద్దేశం.

మల్లెపందిరి:

థ్యాంక్యూ అక్కా, థ్యాంక్యూ డాక్టర్ గారూ. 81 శాతం చూసి టీ చల్లారబెట్టుకున్నా. తెలుగులో ఏమీ లేవా? గర్భ సంస్కార్ పుస్తకాలు అయితే మా ఆడపడుచు రెండు పంపింది, ఏ నెలలో ఏ శ్లోకం చదవాలో ఉంది గానీ నొప్పులొస్తే ఏం చెయ్యాలో లేదు.

పుస్తకాల_పిన్ని:

అమ్మాయ్, తెలుగులో ఎందుకు లేవు, మీ తరానికి తెలీదు అంతే. సవాలక్ష సందేహాలు అని స్త్రీ శక్తి సంఘటన అనే ఆడవాళ్ల సంఘం వాళ్లు రాశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు 1991లో వేశారు. అమెరికాలో బోస్టన్ ఆడవాళ్లు కలిసి అవర్ బాడీస్ అవర్‌సెల్వ్స్ అని రాసుకున్నారు చూడు, ఆ దారిలోనే మన వాళ్లు మన ఆడవాళ్ల కోసం రాసినది. నెలసరి దగ్గర్నుంచి కాన్పు దాకా, డాక్టర్‌ని ఏం అడగాలో, అడిగితే విసుక్కుంటే ఏం చెయ్యాలో కూడా ఉంటుంది. మందుల సంగతులు కొన్ని పాతబడ్డాయి, అవి మాత్రం ఇప్పటి డాక్టర్‌ని అడిగే తెలుసుకో. కానీ ఆ గొంతు ఉంది చూశావూ, నీ ఒళ్లు నీది, సిగ్గుపడకుండా అడుగు అని చెప్పే గొంతు, అది ఇప్పటికీ ఏ కొత్త పుస్తకంలోనూ నాకు దొరకలేదు. అదే ట్రస్ట్ వాళ్లది వైద్యుడు లేని చోట అని డేవిడ్ వెర్నర్ పుస్తకం తెలుగులో ఉంది, పల్లెటూళ్ల కోసం రాసినది, అందులో గర్భిణులకీ మంత్రసానులకీ ఒక అధ్యాయం, గీసిన బొమ్మలు చక్కగా ఉంటాయి. మీ అమ్మకి అది ఇచ్చేయ్, బొమ్మలు చూస్తూ చదివేస్తుంది.

డాక్టరు బాబు చెప్పిందంతా ఒప్పుకుంటాను గానీ మంత్రసానులకి ఏమీ తెలీదనుకోవద్దు (బాబు అనలేదు, చాలామంది అంటారు కాబట్టి చెప్తున్నా). సమీరా జైన్ తీసిన బార్న్ ఎట్ హోమ్ అని 2000లో వచ్చిన డాక్యుమెంటరీ ఉంది, మన దేశంలో దాయీల పని ఎలా ఉంటుందో చూపిస్తుంది. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టడం, నడుం పట్టుకుని వెనక ఒక మనిషి ఆనుకుని ఉండటం, ఇవన్నీ మా అమ్మ కాన్పుల్లో జరిగినవే, ఇప్పుడేమో ఇంగ్లీషులో బర్త్ పొజిషన్స్ అని డబ్బు తీసుకుని నేర్పుతున్నారు.

ఇంకొకటి, బిడ్డ పుట్టాక చూడు. లెబొయే అని ఫ్రెంచి డాక్టరు, బిడ్డని పుట్టగానే తలకిందులుగా పట్టి కొట్టొద్దు, వెలుతురు తగ్గించండి, మెల్లగా మాట్లాడండి అని 1974లో పుస్తకం రాసి గోల చేసినాయన. ఆయన కలకత్తా వచ్చి ఒక తల్లి నేల మీద కాళ్లు చాపుకుని బిడ్డని కాళ్ల మీద వేసుకుని నూనె రుద్దుతుంటే చూసి ఉండబట్టలేక దాని మీద ఏకంగా ఒక పుస్తకం చేశాడు, లవింగ్ హ్యాండ్స్ అని, అంతా ఫొటోలే. మా ఇంట్లో రోజూ చేసిన పనే కదా ఇది అని నవ్వుకున్నాను. ఛాతీ మీంచి పక్కలకి, భుజం నుంచి మణికట్టు దాకా పిండినట్టు, ఆ వరస అంతా అందులో ఉంది. ముక్కులో చెవిలో నూనె చుక్కలు మాత్రం వెయ్యనివ్వకు, మా అత్తగారు వేసేది.

బాలింత పథ్యం పేరుతో నీళ్లు తాగనివ్వకపోతే మాత్రం గట్టిగా గొడవ పెట్టుకో. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. వెల్లుల్లి కారం, సొంటిపొడి పెడితే తిను, నీళ్లు మాత్రం ఎవరు వద్దన్నా తాగు.

కాబోయే_నాన్న:

మీ వారి కేటగిరీయే నేను కూడా. పుస్తకం చదవలేదు, సినిమా చూశా. అంజలీ మేనన్ తీసిన వండర్ వుమెన్, 2022, నిత్యా మేనన్, నదియా, పార్వతి ఉన్నారు. డాక్యుమెంటరీ కాదు, ప్రీనేటల్ క్లాసుకొచ్చే ఆడవాళ్ల కథ, గంటన్నర లోపే. మా ఆవిడ బలవంతం మీద కూర్చున్నా కానీ తర్వాతి వారం క్లాసుకి నేనే రెడీ అయ్యా. ఇంకా కాల్ ద మిడ్‌వైఫ్ అని బీబీసీ సీరియల్ ఉంది, 2012లో మొదలైంది, 1950ల్లో తూర్పు లండన్ పేదవాడలో సైకిళ్ల మీద తిరిగి కాన్పులు చేసిన నర్సుల కథ, జెన్నిఫర్ వర్త్ అనే నర్సు రాసుకున్న జ్ఞాపకాల మీద తీశారు. వరసగా చూస్తే ఏడుపు ఆగదు, గర్భిణులు ఒక్క ఎపిసోడ్‌తో ఆపడం మంచిది.

కరీంనగర్_సిస్టర్:

నేను గవర్నమెంట్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని, మిడ్‌వైఫరీ ట్రైనింగ్ అయింది. చాలామందికి తెల్వదు గానీ తెలంగాణలో 2017లోనే కరీంనగర్‌ల 18 నెలల మిడ్‌వైఫ్ ట్రైనింగ్ మొదలైంది, సర్కారు, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి పెట్టిన్రు. మల్లెపందిరి మేడమ్ సినిమాలల్ల చూసే పనులు, బంతి మీద కూసోబెట్టుడు, నడిపించుడు, పక్కకి తిరిగి పండుకొని కనుడు, అవన్నీ మేం ఇక్కడ సర్కారు దవాఖానలో చేస్తున్నం. నొప్పులప్పుడు మనిషి మంచం కడ్డీ పట్టుకొని ముందుకు వంగితే నడుము కింద, తుంటి ఎముక పైన అరచేతితోటి గట్టిగ నొక్కి పట్టుకుంటం, నొప్పి పోయేదాక పట్టుకోవాలె, మధ్యల వదిలేస్తే తిడతరు. నొప్పి తగ్గినంక రెండు గుక్కలు నీళ్లు తాపిస్తం. ఇది నేర్వనీకి మీ సారుకి పుస్తకం అక్కర్లేదు, ఒక్కరోజు వస్తే నేర్పుత.

పుస్తకాలు చదువుండ్రి, మంచిదే. కానీ డాక్టర్ సార్ చెప్పిన మాటనే ఇంకొంచెం చెప్త. మీరు ఆరు నెలలు హైదరాబాద్‌ల చూపించుకొని ఏడో నెలల తెనాలి పోతున్నరు, అక్కడ డాక్టర్ మిమ్మల్ని అప్పుడే మొదటిసారి చూస్తది. మా దగ్గర ఇట్లనే వస్తరు, ఫైలు సగం ఉండదు, రక్తం ఎంత ఉండెనో తెల్వదు. ఇప్పుడే ఒక ఆదివారం పోయి ఆస్పత్రి చూసి రండ్రి. ఏం అడగాల్నంటే, పోయిన నెలల తొలి కాన్పుల్ల ఎన్ని నార్మల్, ఎన్ని ఆపరేషన్. నొప్పులప్పుడు లేచి తిరగనిస్తరా. నా వెంట ఒక మనిషిని లోపలికి రానిస్తరా. అందరికీ కింద కోసి కుట్లు వేస్తరా, అవసరమైతేనే వేస్తరా. రాత్రిపూట మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ దొరుకుతరా, రక్తం ఎక్కడినుంచి తెస్తరు. చివరిది అన్నిటికంటే ముందు అడగాల్సింది, నార్మల్ నార్మల్ అనుకుంట దీన్ని మర్చిపోతరు. ఎన్ని నార్మల్ అంటే నవ్వి మాట మార్చిన్రంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకో ముచ్చట, పది మందిల ఆరుగురు నొప్పులు సరిగ్గ రాకముందే ఉరికొస్తరు. వచ్చి పండుకుంటే నొప్పులు ఆగిపోతయ్, నొప్పులు పెరుగుత లేవని ఇంకేదో మొదలుపెడతరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018ల చెప్పింది, గర్భసంచి మూతి 5 సెంటీమీటర్లు తెరుచుకున్నంకనే అసలు నొప్పుల లెక్క అని. అందుకని తొలి కాన్పు అయితే నొప్పులు ఐదు నిమిషాలకొకటి, నిమిషం సేపు, గంట దాక అట్లనే వస్తుంటే బయలెల్లుండ్రి. కానీ ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడ్డా, బిడ్డ కదులుడు తక్కువైనా, తలనొప్పి వచ్చి కండ్లు మసకలైనా అప్పుడు గంటలు లెక్కపెట్టొద్దు, ఉన్నదున్నట్టు రావాలె. ఐరన్ గోలీలు ఆపకుండ్రి, రక్తం (హిమోగ్లోబిన్) 11 పైన ఉంటే కాన్పుల మామూలుగ పోయే రక్తాన్ని మనిషి తట్టుకుంటది.

మల్లెపందిరి:

సిస్టర్, ఇది మొత్తం స్క్రీన్‌షాట్ తీసి మా అమ్మకి వాట్సాప్ చేశా. అమ్మ వెంటనే ఫోన్ చేసి మన ఊరి డాక్టరమ్మని అట్లా ప్రశ్నలు అడిగితే ఏమనుకుంటుందో అంది, గంటసేపు అదే. సవాలక్ష సందేహాలు పాత కాపీ ఒకటి ఆఫీసులో ఒకావిడ వాళ్ల అమ్మ దగ్గర ఉందట, తెస్తానంది. బిజినెస్ ఆఫ్ బీయింగ్ బోర్న్ శనివారం మా వారితో చూస్తా, దాని వెనకాలే నో వుమన్ నో క్రై కూడా పెడతా, డాక్టర్ గారు చెప్పినట్టు. ఒక డౌట్, వెంట ఒక మనిషి అన్నారు కదా, అమ్మ ఉండాలా మా వారా? చిన్న ఊళ్లల్లో మగవాళ్లని రానివ్వరు అంటున్నారు.

కరీంనగర్_సిస్టర్:

మీకు ఎవరుంటే ధైర్యమో వాళ్లు. చానా చోట్ల ఒకే గదిల ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు ఉంటరు కాబట్టి మగోళ్లని రానియ్యరు, వేరే గది ఉంటే రానిస్తరు, అదే పోయినప్పుడు అడుగుండ్రి. అమ్మ వస్తే మాత్రం ఏడ్వొద్దని ముందే చెప్పి తీసుకురండ్రి, తల్లులు బిడ్డ నొప్పి చూడలేక ఆపరేషన్ చేసేయుండ్రి అని మమ్మల్ని బతిమిలాడుతరు, సంతకం కూడా వాళ్లే పెట్టేస్తరు.

పుస్తకాల_పిన్ని:

అది నిజమే సిస్టర్. మా చెల్లెలి కూతురికి అచ్చం అలాగే జరిగింది, మా చెల్లెలే సంతకం పెట్టింది. అమ్మాయ్, మీ అమ్మకి పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ కాన్పు అధ్యాయం దగ్గర కాగితం పెట్టి ఇవ్వు, లేకపోతే మొదటి పేజీ నుంచి మొదలెట్టి నీ పురుడు అయ్యేదాకా అక్కడికి రాదు.